చెట్టు మీద టాప్ హ్యాండిల్ చైన్‌సా: ఎడమ చెయ్యి ఎప్పుడు వదలాలి?

కొమ్మదారి:

తాడు మీద ఎక్కడం, కొమ్మ చివరి దాకా నడవడం, చేతి రంపంతో కోసి దించడం అలవాటైన పనే. కొత్తగా చేతికొచ్చింది టాప్ హ్యాండిల్ చైన్‌సా, అంటే పిడి ఇంజిన్ పైన ఉండే చిన్న మోటారు రంపం. పెట్రోల్ ఇంజిన్, 35 సెంటీమీటర్ల బార్ (చైన్ చుట్టూ తిరిగే పలక), 3/8 అంగుళాల లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) రకం చైన్. నేల మీద దుంగలు కోయడం గురించి చెప్పేవాళ్ళు చాలామందే దొరుకుతారు గానీ తాడుకు వేలాడుతూ కోసేటప్పుడు ఏం చెయ్యాలో విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

రంపాన్ని హార్నెస్‌కు (ఒంటికి కట్టుకునే పట్టీల కట్టుకు) ఎక్కడ, ఎంత పొడవు పట్టీతో తగిలించాలి? చెట్టు మీద స్టార్ట్ చేసేటప్పుడు ఎలా పట్టుకోవాలి? చిన్న కొమ్మను ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో కోసేస్తే పని తొందరగా అయిపోతుంది కదా, పిడి కూడా ఒంటి చేతికి సరిపోయేలాగే ఉంది, మరి అందరూ వద్దంటారెందుకు? బార్ కోతలో ఇరుక్కుంటే బయటికి తీసే పద్ధతి ఏమిటి? కారణాలతో సహా చెబితే గుర్తుంటుంది.

పచ్చమాను:

మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

పిడి పైన పెట్టింది ఒంటి చేత్తో కోయడానికి కాదండీ. కొమ్మల మధ్య ఇరుకులో రంపాన్ని తేలిగ్గా తిప్పుకోవడానికి, బరువు సరిగ్గా చేతి కిందే ఉండడానికి. ఆ సౌకర్యంతో పాటే ఒక లోపమూ వచ్చింది. రెండు పిడుల మధ్య ఎడం చాలా తక్కువ. వెనక పిడి ఉన్న రంపం ఎదురు తన్నినప్పుడు అది పైకి తిరగకుండా అడ్డుకునేది రెండు చేతుల మధ్య ఉన్న దూరమే. టాప్ హ్యాండిల్‌కి ఆ దూరం లేదు కాబట్టి రెండు చేతులూ వేసినా పట్టు అంతంతమాత్రం. ఒక చెయ్యి తీసేస్తే రంపం మణికట్టు మీద గిర్రున తిరుగుతుంది.

తన్నడం ఎక్కడ మొదలవుతుందంటే, బార్ కొసలో పై పావు భాగం దగ్గర. అక్కడ పళ్ళు ముందుకు, కిందికి తిరుగుతుంటాయి. ఆ చోటు కనబడని రెమ్మకో పక్క కొమ్మకో తగిలిందంటే పన్ను కోయలేక పట్టేస్తుంది, ఆ విసురంతా బార్‌ని పైకి, మన ముఖం వైపుకి లేపుతుంది. చిన్న రంపాల్లో కూడా చైన్ సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోతుంది. 35 సెంటీమీటర్ల బార్ మీద చైన్ మొత్తం పొడవు మీటరుకు కాస్త తక్కువ. అంటే మనకు విషయం అర్థమవడానికి పట్టే 0.2 సెకన్లలో అది నాలుగు చుట్లు తిరిగేస్తుంది. చూసి తప్పుకుందాం అనుకునే వ్యవధి ఉండదు.

ఇక చైన్‌ను ఠక్కున ఆపేసే చైన్ బ్రేక్ సంగతి. అది రెండు విధాలుగా పడుతుంది. ఒకటి, తన్నిన విసురుకి దానంతట అదే. రెండోది, రంపం పైకి లేచినప్పుడు ముందు పిడి మీద ఉన్న ఎడమ మణికట్టు ముందరి కాపుకి (ముందుకు నెడితే బ్రేక్ పడే అడ్డుపలకకి) తగిలి. ఎడమ చెయ్యి పిడి మీద లేకపోతే రెండోది లేనట్టే. పైగా ఆ ఎడమ చెయ్యి ఎక్కడుంది? కోస్తున్న కొమ్మను పట్టుకుని, బార్ వచ్చి పడే దారిలో! ఒంటి చేతి కోతలో ఎడమ చేతికి, ముంజేతికి గాయాలయ్యేది అందుకే. కొమ్మ తెగిన క్షణంలో రంపం ఒక్కసారిగా తేలికై కిందికి దూసుకొస్తుంది, అదే క్షణంలో చేతిలోని కొమ్మ బరువు మనిషిని పక్కకు లాగుతుంది. ఈ రెండూ ఒకేసారి జరిగితే సర్దుకోవడానికి మూడో చెయ్యి లేదు.

అసలు ఒంటి చేత్తో కోయాలనిపించడానికి మూలం రంపంలో లేదు, నిలబడ్డ తీరులో ఉంది. శరీరం ఊగుతుంటే ఒక చెయ్యి దేన్నైనా పట్టుకోవాలనే చూస్తుంది. కాబట్టి రంపం ముట్టుకోకముందే మనిషి స్థిరపడాలి. ప్రధాన తాడు ఒకటి, నడుము లాన్యార్డ్ (చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకునే పొట్టి తాడు) ఒకటి, ఈ రెండూ విడివిడిగా చెట్టుకు పట్టి ఉండాలి. రెండు కాళ్ళకీ ఆనిక దొరకాలి. రంపం లేకుండా రెండు చేతులూ వదిలేసి, కోత పెట్టే వైపుకి వాలి చూడండి. కదలకుండా నిలబడగలిగితేనే రంపం తియ్యండి. ఊగుతుంటే ఇంకో కొమ్మ మీద తాడు వేసి కోణం మార్చుకోండి. అమెరికాలో చెట్ల పనికి వాడే ఏఎన్‌ఎస్‌ఐ జెడ్133 ప్రమాణం కూడా చెట్టు మీద చైన్‌సా నడిపేటప్పుడు రెండో కట్టు ఉండాలనే చెబుతుంది. ఒక తాడు కోసుకున్నా పడిపోకుండా ఉండడం మొదటి లాభం, చేతులు రెండూ ఖాళీ అవడం రెండో లాభం. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు.

కోత ఎత్తు నడుముకీ భుజానికీ మధ్య ఉండాలి. భుజం దాటి పైకి పోతే ఇంకొంచెం ఎక్కండి. తల, మెడ బార్ గీతకు ఎడమ పక్కన ఉండాలి, దానికి సూటిగా వెనక కాదు. ఎడమ మోచెయ్యి వంచకుండా చాపి ఉంచండి. ఎడమ బొటనవేలు పిడి కిందినుంచి చుట్టి ఉండాలి. నాలుగు వేళ్ళ పక్కనే దాన్ని పైన పెడితే మొదటి కుదుపుకే పిడి జారిపోతుంది.

మరి ఆ చిన్న కొమ్మను ఎలా దించాలి అంటారా? 4, 5 సెంటీమీటర్ల లోపుదైతే చేతి రంపమే మేలు, అది మీకు వచ్చిన పనే. అంతకన్నా లావుగా ఉండి, చేత్తో మోయగలిగిన ముక్కైతే రెండు ఎదురు కోతలు పెట్టండి. నిలువు కొమ్మ అనుకుందాం. ఒక పక్కనుంచి సగం దాటి ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి కోయాలి. ఎదుటి పక్కనుంచి, మొదటిదానికి 3 నుంచి 5 సెంటీమీటర్లు పైనగానీ కిందగానీ, మళ్ళీ సగం దాటేలా కోయాలి. రెండు కోతలూ కలవవు, మధ్యలో పలచటి నార మిగులుతుంది, ముక్క దానంతట అది పడదు. ఇప్పుడు బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, రంపాన్ని పక్కన వేలాడదీసి, రెండు చేతులతో ముక్కను విరిచి చూసుకుని వదలండి. విరగకపోతే కోత తక్కువైందని అర్థం. చేతిలో ముక్క పెట్టుకుని మళ్ళీ రంపం తియ్యకండి, ముక్కను వదిలి మొదటిలాగే రెండు చేతులతో ఇంకాస్త కోయండి. ముక్క మరీ బరువుగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, తాడు కట్టి దించాల్సిందే.

చైన్ బ్రేక్ పడేదాకా ఎడమ చెయ్యి ముందు పిడి వదలకూడదు. బ్రేక్ వెయ్యడానికి చెయ్యి తియ్యనక్కర్లేదు కూడా, ఎడమ మణికట్టు ముందుకు తిప్పితే కాపు పడుతుంది. థ్రాటిల్ (వేగం పెంచే మీట) వదిలాక కూడా చైన్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ కాసేపట్లోనే రంపాన్ని తొడ పక్కకి దించేవాళ్ళున్నారు. ముందు బ్రేక్, చైన్ ఆగిందని కంటితో చూడడం, ఆ తరువాతే చెయ్యి.

తాడూముడీ:

పచ్చమాను గారు చెప్పిన దానికి తాడు వైపు నుంచి కొన్ని.

పట్టీ హార్నెస్ వెనక పక్కన, కుడిచేతి వాటం వాళ్ళకు కుడి తుంటి వెనక ఉన్న పనిముట్ల రింగుకు తగిలించాలి. ప్రధాన తాడు పట్టే రింగుకు మాత్రం ఎప్పుడూ వద్దు. పట్టీ మీద రెండు చోట్ల తగిలించుకునే వీలుండాలి. ఎక్కేటప్పుడు, కదిలేటప్పుడు పొట్టిగా తుంటికి ఆనుకుని, కోసేటప్పుడు పూర్తి పొడవున. పూర్తిగా వదిలితే రంపం పాదాల కింద వేలాడాలి, మోకాళ్ళ దగ్గర కాదు. మోకాళ్ళ ఎత్తులో ఆగితే పొరపాటున జారినప్పుడు నేరుగా కాలి మీదికే వస్తుంది. అలాగని మరీ పొడవైతే కింది కొమ్మల్లో తగులుకుంటుంది.

పట్టీ కొనేటప్పుడు ఒకటి చూడండి. ఎక్కువ బరువు పడితే తెగిపోయే బలహీనమైన భాగం దానిలో ఉండాలి. కొమ్మ పడుతూ రంపాన్ని తనతో లాక్కుపోతే పట్టీ తెగి రంపం పోవాలి, మనిషి కాదు. దాన్ని గట్టి కారబైనర్‌తో, లావు తాడుతో "బలపరిచేవాళ్ళు" ఆ రక్షణను తీసేసుకుంటున్నారు. 6.8 కిలోలు దాటిన రంపాన్ని హార్నెస్‌కు వేలాడదీయకుండా వేరే తాడుకు కట్టాలి, ఇది కూడా జెడ్133లో ఉన్న మాటే. మీ టాప్ హ్యాండిల్ అందులో సగం బరువుంటుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

స్టార్ట్ చెయ్యడం: చల్లటి ఇంజిన్‌ను చోక్ వేసి పైన లాగుతూ కూర్చోవద్దు. కిందే స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, బ్రేక్ పరీక్షించి, ఆపేసి, బార్‌కు తొడుగు వేసి, బ్రేక్ వేసి పైకి పంపమనండి. పైన మొదట పట్టీ తగిలించి, ఆ తరువాతే పంపిన తాడు విప్పండి. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేక్ పడే ఉండాలి. రంపం కుడి పక్కన ఉంటే కుడి చేత్తో పిడి పట్టి ఎడమ చేత్తో లాగాలి. ఎడమ పక్కన ఉంటే ఎడమ చేత్తో ముందు పిడి పట్టి కుడి చేత్తో. ఎటైనా చెయ్యి చాపి, బార్ తాళ్ళకు, కాళ్ళకు దూరంగా చూసేలా పట్టుకోవాలి. లాన్యార్డ్ ఏ పక్క వదులుగా వేలాడుతోందో ఆ పక్క వద్దు.

సైలెన్సర్ వేడి గురించి ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నాను. నైలాన్ రకాన్ని బట్టి సుమారు 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. డైనీమా తాడైతే సుమారు 145 డిగ్రీలకే. ఇప్పుడే ఆపిన రంపం సైలెన్సర్‌కి తాడు ఆనితే పైపొర మెరిసి గట్టిపడుతుంది. అలా గాజులా మెరిసే మచ్చ కనబడితే ఆ తాడును పక్కన పెట్టాల్సిందే. వేలాడదీసేటప్పుడు సైలెన్సర్ బయటి వైపు ఉండేలా తిప్పండి.

లాన్యార్డ్ మాత్రం లోపల ఉక్కు తీగ ఉన్నదే వాడండి, చైన్ తగిలినా తెగదు.

పచ్చమాను:

తాడూముడీ గారూ, ఆ చివరి మాట సరిదిద్దాలి. ఉక్కు తీగ ఉన్న లాన్యార్డ్ తెగడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. పూర్తి వేగంతో తిరిగే చైన్ దాన్నీ తెంపగలదు. "తెగదు" అనుకున్నవాళ్ళు బార్ కొస ఎక్కడికి పోతుందో చూడడం మానేస్తారు. పైగా ఆ తీగ కరెంటును మోస్తుంది, లైన్లు దగ్గరున్న చెట్టు మీద వాడకూడదు.

లాన్యార్డ్ కోసుకోవడం ఎక్కువగా ఎలా జరుగుతుందంటే, బోదె వెనక పక్కన, మనకు కనబడని చోట. బోదె 25 సెంటీమీటర్లు, బార్ 35. కోత పూర్తయ్యేసరికి కొస అవతలికి 10 సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది. లాన్యార్డ్ కోతకు ఒక జానెడు కిందే ఉంటే, బార్ కాస్త వాలినా దాని మీదే పడుతుంది. బరువు మోస్తున్న తాడు బిగుసుకుని ఉంటుంది కాబట్టి చైన్ ఇలా తాకితే అలా తెగిపోతుంది. ప్రతి కోతకు ముందు తల వంచి బోదె వెనక చూడాలి. లాన్యార్డ్ ఎక్కడుంది, ప్రధాన తాడు ఎటు పోతోంది, దాని తోక ఎక్కడ వేలాడుతోంది, ఈ మూడూ కళ్ళతో చూడాలి. ఇందాక చూశాను కదా అంటే కుదరదు, ఒక్క అడుగు జరిగితే తాళ్ళన్నీ చోటు మారతాయి.

తాడూముడీ:

నిజమేనండీ, నేను తొందరలో తప్పు రాశాను. "త్వరగా తెగదు" అని చదువుకోండి.

కొమ్మదారి:

చాలా స్పష్టంగా ఉంది. ఇరుక్కున్న రంపం గురించి కూడా ఎవరైనా చెబుతారా? కొమ్మ పైనుంచి కోస్తుంటే సగంలో బార్ బిగుసుకుపోతోంది. గట్టిగా లాగితే కాళ్ళ ఆనిక తప్పుతోంది.

చేవకర్ర:

లాగకండి. ముందు అది ఎందుకు పట్టిందో చూడాలి.

బయటికి వాలిన కొమ్మలో పై నార సాగి ఉంటుంది, కింది నార నలిగి ఉంటుంది. పైన కోస్తే కోత తెరుచుకుంటుంది, కింద కోస్తే మూసుకుంటుంది. ఇది మామూలు సంగతి. కానీ కొమ్మ కొస ఇంకో కొమ్మ మీద ఆనుకుని ఉంటే, లేదా దించే తాడుతో పైకి లాగి కట్టి ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు పైభాగం నలిగి ఉంటుంది. మీరు పైనుంచి కోస్తుంటే పట్టేస్తోందంటే కొస ఎక్కడో ఆని ఉందన్నమాట. కోతకు ముందు కొమ్మ చివరి దాకా కన్ను పారించండి. నలిగిన పక్క మొదట, మూడో వంతుకు మించకుండా. సాగిన పక్క తరువాత. కోస్తున్నప్పుడు కోత సందు వైపే చూపు ఉండాలి. అది సన్నబడుతోందనిపించగానే చైన్ తిరుగుతుండగానే బార్ బయటికి తియ్యాలి. పూర్తిగా పట్టాక థ్రాటిల్ నొక్కితే క్లచ్ కాలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పట్టేసింది అనుకోండి. ఇంజిన్ ఆపండి. రంపం పట్టీని హార్నెస్ నుంచి విప్పి, కోతకు లోపలి వైపు, అంటే బోదె వైపు, చెట్టుకు కట్టండి. లేకపోతే కొమ్మ ఒక్కసారిగా విరిగితే రంపంతో పాటు మిమ్మల్నీ లాగుతుంది. తరువాత కొమ్మను కాస్త పైకెత్తి బార్ వదులవుతుందేమో చూడండి. కింద ఉన్నవాళ్ళు దించే తాడు లాగి సాయపడొచ్చు. కాకపోతే చేతి రంపంతోగానీ రెండో చైన్‌సాతోగానీ విడిపించే కోత పెట్టాలి. అది ఇరుక్కున్న బార్‌కు బయటి వైపు, కొమ్మ కొస వైపు, కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. లోపలి వైపు కోస్తే కొమ్మతో పాటు రంపమూ పోతుంది. రెండో చైన్ ఇరుక్కున్న బార్‌కు తగిలినా ప్రమాదమే.

పెద్ద కొమ్మకు మూడు కోతలు తెలిసే ఉంటాయి. చివరి కోతకు 30 సెంటీమీటర్లు బయట, కిందినుంచి పావు వంతు నుంచి మూడో వంతు. దానికి కొంచెం బయట, పైనుంచి రెండోది, దాంతో కొమ్మ పడిపోతుంది. మిగిలిన మొద్దును కొమ్మ మొదట్లో ఉబ్బిన మెడకు బయటగా, మెడ తెగకుండా మూడోది. కింది కోత మానేస్తే బెరడు బోదె దాకా చీలిపోతుంది, ఆ చీలిక వచ్చేది మనం ఆనుకున్న వైపుకే.

బార్ పై అంచుతో కిందినుంచి కోసేటప్పుడు రంపం మన వైపుకు నెడుతుంది, కింది అంచుతో పైనుంచి కోసేటప్పుడు ముందుకు లాగుతుంది. కిందినుంచి కోసేటప్పుడు బార్ కొస మొదట తగలకుండా, ఇంజిన్ దగ్గరి భాగంతో మొదలుపెట్టండి.

ఒక్కటి మాత్రం మరీ జాగ్రత్త. బాగా వాలిన నిలువు కొమ్మను వెనకనుంచి నేరుగా కోస్తే సగంలో నిలువునా చీలి, పై ముక్క వెనక్కి లేస్తుంది. లాన్యార్డ్ అదే కొమ్మ చుట్టూ ఉంటే చీలికలు విచ్చుకుని లాన్యార్డ్ బిగిసి, మనిషిని కొమ్మకేసి నలిపేస్తుంది. అలాంటిదానికి వాలిన వైపు గంటు తీసి, వెనక కోతలో కీలు (తలుపు బందులా పట్టి ఉంచే కొంత చెక్క) మిగల్చాలి. లాన్యార్డ్ చీలే అవకాశమున్న భాగానికి దూరంగా కట్టుకోవాలి.

ఆకురాయి:

పళ్ళ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. మొద్దు చైన్‌తో కోస్తే చేతితో నొక్కాల్సి వస్తుంది, నొక్కితే కొమ్మ తెగిన క్షణంలో రంపం అదుపు తప్పుతుంది. పైన తాడు మీద ఉన్నప్పుడు ఇది ఇంకా చెడ్డది.

మీ 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి 4.0 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, కోణం 30 డిగ్రీలు. ప్రతి పన్నుకూ అన్నే రుద్దులు. పన్ను ముందరి లోతు గుర్తు (పన్ను ఎంత లోతు కొరకాలో ఆపే బొడిపె) పన్ను కొస కన్నా 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి, గేజ్ పెట్టి చూడండి. "తొందరగా కోస్తుంది" అని దాన్ని ఇంకా అరగదీస్తే పన్ను ఎక్కువ కొరుకుతుంది, తన్నడం పెరుగుతుంది. పొట్టు పొడిలా రాలుతుంటే మొద్దుబారినట్టు. చిన్న చిన్న పేళ్ళలా రావాలి.

బిగింపు: బ్రేక్ తీసి, బార్ మధ్యలో చైన్‌ను పైకి లాగితే లేచి వెంటనే వెనక్కి అతుక్కోవాలి, లోపలి పళ్ళు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. గ్లవుజు వేసుకుని చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. వేడి మీద బిగించిన చైన్‌ను పని అయ్యాక వదులు చెయ్యండి, చల్లారితే అది కుంచించుకుంటుంది. ఇంకా: స్టార్ట్ చేసి థ్రాటిల్ వదిలితే చైన్ కదలకూడదు. కదులుతుంటే ఆ రంపం పైకి పోకూడదు, ఐడిల్ (థ్రాటిల్ వదిలినప్పటి ఇంజిన్ వేగం) సరిచేశాకే.

ఇంధనం ఇంజిన్ చల్లారాకే పోయాలి, పోసిన చోటికి 3 మీటర్ల అవతల స్టార్ట్ చెయ్యాలి. ట్యాంకు పైన నింపడం వద్దు. రంపాన్ని కిందికి దించి నింపి పంపించుకుంటే ఆ వంకన మీకూ కాస్త విశ్రాంతి.

మోటారువాడు:

ఎవరైనా బ్యాటరీ టాప్ హ్యాండిల్ వాడుతూ ఇది చదువుతుంటే, వాళ్ళకో మాట. పెట్రోల్ రంపం ఉరుముతూ "నేను బతికే ఉన్నాను" అని గుర్తు చేస్తుంది. బ్యాటరీది మౌనంగా ఉంటుంది. తుంటికి వేలాడుతూ రెమ్మ ట్రిగ్గర్‌లోకి దూరితే చాలు. అందుకే వేలాడదీసే ముందు బ్రేక్ వెయ్యడంతో ఆగకుండా పవర్ బటన్ కూడా ఆపాలి. చైన్ బిగించేటప్పుడు, ఇరుక్కున్న బార్ తీసేటప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి.

ప్యాంటు విషయం కూడా. నేల మీద వాడే "ఏ" రకం (టైప్ ఏ) చైన్‌సా ప్యాంటులో రక్షణ ముందు వైపే ఉంటుంది. చెట్టు మీద రంపం ఎటునుంచైనా కాలి మీదికి రావచ్చు కాబట్టి చుట్టూ పొరలున్న "సీ" రకం (టైప్ సీ) తీసుకోండి. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల చైన్ వేగం దగ్గర పరీక్షించినది. అది కోత పడనివ్వదని కాదు, నార చుట్టుకుని చైన్‌ను ఆపే అవకాశం ఇస్తుంది.

కొమ్మదారి:

అందరికీ ధన్యవాదాలు. చివరి ప్రశ్న: రక్తం ఆపే పట్టీ పైకి తీసుకెళ్ళాలా, కింద పెట్టెలో ఉంటే చాలా?

పచ్చమాను:

పైన, మీ ఒంటి మీదే. గాయమైతే కింది పెట్టె మీ దగ్గరికి రావడానికి నిమిషాలు పడుతుంది, పెద్ద రక్తనాళం తెగితే అంత వ్యవధి ఉండదు. టూర్నికే (చేతినో కాలినో బిగించి రక్తం ఆపే పట్టీ) ఒకటి, పెద్ద గాయానికి వేసే ఒత్తుడు కట్టు ఒకటి. హార్నెస్ ముందు భాగంలో, ఏ చేత్తోనైనా అందేలా పెట్టుకోండి. కుడి తుంటి మీద పెడితే కుడి చేతికే దెబ్బ తగిలినప్పుడు ఎడమ చేత్తో అందదు. టూర్నికేని ప్లాస్టిక్ కవర్ విప్పేసి, ఉచ్చు తెరిచి సిద్ధంగా మడిచి ఉంచండి. కింద కూర్చుని ఒంటి చేత్తో కట్టుకోవడం సాధన చెయ్యండి, కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి. కింద ఉన్న ఇద్దరిలో ఒకరికైనా ఎక్కి దించడం వచ్చి ఉండాలి, వాళ్ళ హార్నెస్, తాడు బండిలో కాదు, చెట్టు మొదట్లో విప్పి ఉండాలి.